బయటి దెబ్బ

పడవ నీళ్ళలోంచి పూర్తిగా బయటికి రాకముందే మెకానిక్ నోరు లేచింది.

"ఏరా, ఎక్కడ కొట్టావు?"

పడవను లాగే వించ్ తాడు బిగుసుకుని కిర్రుమంటోంది. ట్రాలీ మీద పడవ ధారలుగా నీళ్ళు కారుస్తూ ఒడ్డుకి ఎక్కుతోంది. ఆ రేవులో ఉన్న నాలుగు పడవలూ ఒక్కలాంటివే. ఇంజను పడవ లోపల, వెనకభాగంలో ఉంటుంది. పడవ వెనకగోడకి అవతల, నీళ్ళలోకి, లావుపాటి లోహపు కాలు ఒకటి వేలాడుతుంది. ఇంజను బలమంతా ఆ కాల్లోంచి దిగి అడుగున ప్రొపెల్లరును తిప్పుతుంది. కాలి లోపల పళ్ళచక్రాలు ఎప్పుడూ నూనెలో మునిగి ఉండాలి. ఆ నూనె తగ్గిందని ఆ మంగళవారం ఉదయం నడి రిజర్వాయరులో బజరు మోగింది. సరంగు వేగం తగ్గించి, పాతికమంది ప్రయాణికుల సణుగుడు వింటూ, పడవను నత్తనడకన వెనక్కి తెచ్చాడు. జరిగింది అంతే.

కానీ ప్రొపెల్లరు రెక్క అంచున చిటికెనవేలి గోరంత గాటు ఉంది. అది మెకానిక్ కంట పడింది. ఇక ఆగలేదు. ఆగడం అతని ఒంట్లో లేదు. రేవులో అతన్ని ఎదురుగా 'అన్నా' అంటారు, చాటున 'చిటపట' అంటారు. ఆ రెండో పేరు అతనికీ తెలుసు. తెలిసి కాస్త గర్వపడతాడు కూడా.

"ఎక్కడా కొట్టలేదు బావా," అన్నాడు సరంగు. అతను మెకానిక్ భార్యకి సొంత తమ్ముడు. టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"కొట్టకపోతే ఈ గాటు ఆకాశంలోంచి ఊడిపడిందా? నూనె దానంతటది ఆవిరైపోయిందా? బండ మీదికి ఎక్కించి, రబ్బరు సీలు చింపి, పైగా నా మొహం చూసి కొట్టలేదంటావా? కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడిపావురా?"

దిగిన ప్రయాణికుల్లో సగంమంది ఇంకా రేవు మీదే ఉన్నారు. టికెట్ల గుమాస్తా కిటికీలోంచి మెడ సాచాడు. మేనేజరు మెట్ల మీద ఫోను చెవిన పెట్టుకుని నిలబడి ఆ మాటలు విన్నాడు. ఫోను దించి తన గదిలోకి వెళ్ళిపోయాడు. మెకానిక్ అది చూడలేదు. అరిచేటప్పుడు అతనికి ఎదుటి మనిషి తప్ప ఇంకేదీ కనపడదు.

"లేదు బావా," అన్నాడు సరంగు మళ్ళీ. ఈసారి ఎవరికీ వినపడలేదు.

మధ్యాహ్నం షెడ్డులో మెకానిక్ కాలి కింద పళ్ళెం పెట్టాడు. కాలికి రెండు బోల్టులు. అడుగున ఉన్నది తీస్తే నూనె దిగుతుంది, పైన ఉన్నది తీస్తే లోపలికి గాలి ఆడుతుంది. అడుగు బోల్టు తిప్పి ఊడదీసి, చూడకుండానే కిరోసిన్ గిన్నెలో పడేశాడు. అతని చూపంతా ధారగా దిగుతున్న నూనె మీద ఉంది. దెబ్బ తిన్న కాలిలోకి నీళ్ళు చేరతాయి, నీళ్ళు చేరిన నూనె తెల్లగా విరిగినట్టు ఉంటుంది. పళ్ళు విరిగితే ఇనప రజను మెరుస్తుంది. అతను రెండు వేళ్ళ మధ్య నూనె తీసి రుద్దాడు. నున్నగా జారింది. వెలుతురులోకి పట్టి చూశాడు. శుభ్రంగా ఉంది. పళ్ళెం అడుగున అయస్కాంతం తిప్పితే దానికి ఒక్క రవ్వ కూడా అంటుకోలేదు.

నూనె తగ్గింది, అదొక్కటే నిజం. ఉండాల్సినదానిలో మూడోవంతు లేదు.

అప్పుడు వెళ్ళి ప్రొపెల్లరు ముందు గొంతుక్కూర్చున్నాడు. పొద్దున అంత దూరం నుంచి చూసిన గాటును ఇప్పుడు దగ్గరగా చూశాడు. వేలితో తడిమాడు. గాటు లోపల పచ్చగా, జిగటగా తగిలింది. గోటితో గీకితే పాచి వచ్చింది. ఇవాళ పడ్డ గాటులో పాచి పట్టదు. నిన్న పడ్డ గాటులోనూ పట్టదు. అది ఏ నెలల కిందటిదో, కొట్టుకొచ్చిన ఏ మొద్దు తగిలిందో.

కోపం అలాగే ఉంది, కోపం తగలాల్సిన మనిషి మాత్రం మారిపోయాడు. ఎవరు ఆ మనిషి? తనే అన్న సంగతి అప్పటికి అతనికి తట్టలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ సరాసరి మేనేజరు గదికి నడిచాడు.

"రిపోర్టులో కారణం నేను చెప్పేదాకా రాయకండి సార్. కాలు దెబ్బ తినలేదు."

మేనేజరు కాగితం అతనివైపు తిప్పి చూపించాడు. 'కారణం' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో 'బయటి దెబ్బ' అని రాసి ఉంది. కింద 'ఒప్పుకుంటున్నాను' అన్నచోట సరంగు సంతకం.

"రాసేశారా? కాలు విప్పి చూడకుండానే?"

"చూసింది మీరే కదా. రేవంతా విన్నది. నేనూ విన్నాను. ఎక్కడ కొట్టావురా అని అడిగింది ఎవరు, నేనా?"

"అది... అది కోపంలో అన్న మాట."

"కోపంలో అన్నా మెకానిక్ అన్న మాటే."

మెకానిక్ మెడ నరాలు ఉబ్బాయి. రిపోర్టులో 'బయటి దెబ్బ' పడ్డ సరంగు మళ్ళీ ప్రయాణికుల పడవలో చక్రం పట్టడు. ఎన్నేళ్ళు నడిపినా అంతే. గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపుకుంటూ గడపాలి. ఆ సంగతి రేవులో కుక్కకి కూడా తెలుసు.

"కారణం తెలియలేదని రాయండి. లేదా లోపలి లోపం అని రాయండి."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. చెడ్డమనిషి కాదు, తనకి ఇబ్బంది లేకుండా రోజు గడిస్తే చాలనుకునే మనిషి. "లోపలి లోపం అని రాస్తే పైనుంచి తనిఖీ వస్తుంది. నాలుగు పడవలూ ఆపి విప్పి చూస్తారు. మీ పనీ చూస్తారు, నా పనీ చూస్తారు. బయటి దెబ్బ అంటే ఒక్క మనిషితో పోతుంది. అతను ఒప్పుకున్నాడు కూడా. ఇంకేం కావాలి?"

"ఎక్కడినుంచి కారుతోందో చూపిస్తే మారుస్తారా?"

"శుక్రవారం మధ్యాహ్నం కాగితాలు పైకి వెళ్తాయి. ఈలోగా చూపించండి."

మెకానిక్ తలుపు దడాలున వేసి బయటికొచ్చాడు. ఆ తలుపు ఏం పాపం చేసిందో దానికే తెలియాలి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య ఇస్త్రీ చేస్తోంది. నాలుగు ఇళ్ళ బట్టలు తెచ్చి ఇస్త్రీ చేయడం ఆమె పని. ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టినప్పుడల్లా ఢక్కుమంటోంది. మామూలుగా అంత చప్పుడు రాదు. తమ్ముడు గుమ్మంలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"చొక్కా విప్పి ఇటు పడెయ్," అంది ఆమె మొగుడి వైపు చూడకుండా. "నూనె మరకలతో ఇంట్లో తిరగకు. నోటికి అంటిన మరకలకి మాత్రం నా దగ్గర సబ్బు లేదు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదని అడుగు. పాలవాడు చెప్పాడు. పక్కింటావిడ చెప్పింది. మీ తమ్ముడు బండకి కొట్టాడటగా, మీ ఆయన నలుగురిలో కడిగేశాడటగా, అని. వీడు చిన్నప్పుడు ఎవడో పగలగొట్టిన కిటికీకి నేనేనని చెప్పి దెబ్బలు తిన్న రకం. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసీ అరిచావు."

మెకానిక్ బామ్మర్ది ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు. "ఒరేయ్, నిజం చెప్పు. తగిలిందా?"

"లేదు బావా."

"మరి సంతకం ఎందుకు పెట్టావు? చేతికి దురదా?"

సరంగు నేలమీద గచ్చు పెచ్చులు గోటితో లేపుతున్నాడు. "మేనేజరు అడిగాడు. మీ బావే కొట్టావన్నాడు, నువ్వు కాదంటే మీ బావ అబద్ధం ఆడినట్టే కదా, అన్నాడు. ఆలోచించాను. కాలు సంగతి నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను చూసుకోలేదేమో. తగిలే ఉంటుందేమో అనిపించింది. నువ్వు అంత గట్టిగా అన్నావు కదా."

ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది.

"వాడు రాస్తే నువ్వు పెట్టేయడమేనా? వెన్నెముక ఉందా నీకు?" అని లేచాడు మెకానిక్. "రేపటినుంచి నాతో షెడ్డుకి రా. ఆ నూనె ఎక్కడినుంచి పోతోందో పట్టి, తీసుకెళ్ళి ఆ మేనేజరు బల్ల మీద పెట్టకపోతే నా పేరు మార్చుకుంటాను."

"ముందు గొంతు మార్చుకో," అంది భార్య.

బుధవారం పొద్దున ప్రొపెల్లరు విప్పాడు. దాని వెనక ఇరుసు చుట్టూ చేపలవాళ్ళ గాలం తాడు చుట్టుకుని, నూనె ఆపే సీలును కోసేయడం మామూలే. తాడు లేదు. సీలు పెదవి మెత్తగా, పొడిగా ఉంది. గేరు మార్చే కడ్డీ దగ్గర సీలు చూశాడు. అదీ పొడిగానే ఉంది. కాలంతా కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, మొహానికి రాసే పౌడరు డబ్బా తెచ్చి చల్లాడు. ఎక్కడ నూనె ఊరినా పౌడరు ముదురురంగు తిరుగుతుంది. గంటసేపు ఇద్దరూ ఆ తెల్లటి కాలివైపే చూస్తూ కూర్చున్నారు. లోపల నూనె లేదు కాబట్టి బయటికి వచ్చేది ఏముంటుంది? ఆ సంగతి తట్టి మెకానిక్ పౌడరు డబ్బాను గోడకేసి కొట్టాడు. షెడ్డంతా పెళ్ళివారి గదిలా వాసనేసింది.

"అక్క డబ్బా బావా అది," అన్నాడు సరంగు.

"నోరు ముయ్యి. గాలి ఎక్కిద్దాం."

నూనె బదులు గాలి నింపితే కారే చోటు దానంతటదే బయటపడుతుంది. అడుగు బోల్టు తీసిన కన్నం ఎలాగూ ఖాళీగానే ఉంది. గాలిగొట్టం మరను దానికే బిగించాడు. పై బోల్టు బిగించాడు. పడవ లోపల, కాలికి నూనె అందించే సీసానుంచి వచ్చే గొట్టం మూతి మూసేశాడు. చేతిపంపు కొడుతుంటే మీటరు ముల్లు మెల్లగా లేచి పన్నెండు దగ్గర నిలబడింది. సరంగు మగ్గులో సబ్బు కలిపి, నురగ తేలేదాకా గిలకొట్టి, కుంచెతో కాలంతా పూశాడు. ప్రతి అతుకు మీదా, ప్రతి బోల్టు మీదా, చంటిపిల్లాడికి నలుగు పెట్టినంత జాగ్రత్తగా పూశాడు. ఎక్కడైనా గాలి తప్పించుకుంటే అక్కడ బుడగ లేవాలి.

బుడగ లేవలేదు. ఇరుసు తిప్పి చూశారు. కాలు ఎడమకి మడిచి, కుడికి మడిచి చూశారు. పైకెత్తారు, దించారు. మెకానిక్ మోకాళ్ళ మీద పాకుతూ దాని చుట్టూ తిరిగాడు. నురగ ఆరిపోయింది, మళ్ళీ పూశారు. సాయంత్రానికి కూడా ముల్లు పన్నెండు దగ్గరే ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు.

"దీనికి ఏ రోగమూ లేదు," అన్నాడు మెకానిక్. కారనందుకు సంతోషించాల్సిన మనిషి, పళ్ళు కొరికాడు. "ఏ రోగమూ లేని కాలు మూడోవంతు నూనె ఎలా తాగింది?"

సరంగు మగ్గు కింద పెట్టాడు. "బావా, మూడో బోయా గుర్తు దాటాక ఎడమపక్కన నీళ్ళు కొంచెం నల్లగా ఉంటాయి. అక్కడ బండ ఉందేమో. రాత్రి పడుకుంటే కనపడింది. దాని మీదినుంచి వెళ్ళినట్టే, పడవ కొంచెం ఎగిరినట్టే..."

"గాటులో పాచి ఉందిరా! నా ఈ గోటితో గీకాను! అక్కడ బండ లేదు, నీ బుర్రలో ఉంది!"

"సరే బావా," అన్నాడు సరంగు. కానీ నమ్మినట్టు లేడు.

గురువారం పొద్దున సరంగు షెడ్డుకి రాలేదు. మేనేజరు అతన్ని అప్పుడే గేటు దగ్గర నిలబెట్టాడు. కాగితాలు ఇంకా పైకి పోనేలేదు, మనిషిని మాత్రం దించేశారు. మెకానిక్ టీ తాగడానికి వెళ్తూ చూశాడు. రోజూ దాటే ఒక టీచరమ్మ టికెట్టు అందిస్తూ, "ఏం బాబూ, బండకి కొట్టావటగా, మేమంతా మునిగిపోయేవాళ్ళం కదా?" అంది. సరంగు టికెట్టు చింపి సగం ఆమె చేతిలో పెట్టి, "అవునండీ," అన్నాడు.

అవునండీ! మెకానిక్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ మీదికి పోవాలా, వీడి మీదికి పోవాలా, మేనేజరు గదిలోకి పోవాలా తెలియక మధ్యలో నిలబడిపోయాడు. టీ తాగకుండానే వెనక్కి వచ్చి ఇంజను గదిలోకి దిగాడు.

ఆ గదిలో మనిషి కూర్చోలేడు, పడుకోనూ లేడు. నడుం మడిచి, తల ఒక గొట్టం కింద, మోచెయ్యి ఒక బ్రాకెట్టు మీద పెట్టుకుని పనిచేయాలి. నూనెసీసాను విప్పి నీళ్ళబకెట్టులో ముంచి నొక్కాడు. సీసా పగల్లేదు. సీసానుంచి కాలికి వెళ్ళే గొట్టం పొడుగునా తెల్లకాగితం చుట్టి గట్టిగా లాగాడు. కాగితం తెల్లగానే వచ్చింది. పడవ అడుగున చేతులు పెట్టి తడిమాడు. నీటిచెమ్మే తప్ప నూనె జిడ్డు లేదు. తలెత్తబోతే బ్రాకెట్టు నుదుటికి తగిలింది. ఇంజనును, దాన్ని చేసినవాణ్ణి, చేసినవాణ్ణి కన్నవాళ్ళను వరసగా తిట్టాడు. ఇరుకు గదిలో తిట్లన్నీ అతని చెవుల్లోకే తిరిగొచ్చాయి.

సాయంత్రం డ్యూటీ దిగి సరంగు వచ్చాడు. ఇక మిగిలింది ఒక్కటే దారి అన్నాడు మెకానిక్. అన్నీ ఎప్పటిలా బిగించి, నూనె పోసి, కింద కాగితం పరిచి చూడటం. ప్రొపెల్లరు ఎక్కించారు. గాలిగొట్టం విప్పి, అడుగు కన్నంలోంచి పంపుతో కొత్త నూనె పైకి కొట్టారు. పైకన్నంలో నూనె తొంగిచూడగానే పై బోల్టు బిగించాడు. కిరోసిన్ గిన్నెలోంచి అడుగు బోల్టు తీసి, దాని తల కింది పాత వాషరు గోటితో ఊడబీకి, కొత్త వాషరు తొడిగాడు. నూనె మార్చిన ప్రతిసారీ వాషరు మార్చడం అతని నియమం. ఆ నియమం గురించి రేవులో కనీసం వందమందికి పాఠం చెప్పి ఉంటాడు. బోల్టు బిగించి, కాలంతా తుడిచి, సీసా నిండా నూనె పోసి, కింద పాత దినపత్రిక పరిచాడు.

"రేపు మధ్యాహ్నమే కదా," అన్నాడు సరంగు.

"నాకు తెలుసు."

"దొరక్కపోయినా ఏం ఫర్లేదు బావా. గేటు దగ్గర నీడ ఉంటుంది."

ఆ మాటకి మెకానిక్ చేతిలోని పానాను సరంగు కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు. గచ్చు మీద నిప్పురవ్వలు లేచాయి. సరంగు వంగి పానా తీసి, తుడిచి, గోడకున్న మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఏడింటికే ఇద్దరూ షెడ్డు తలుపు తీశారు. దినపత్రిక మీద ఒకే ఒక మరక ఉంది, అరచేతిలో సగమంత. దానికి సరిగ్గా పైన, బోల్టు తల అంచున, తేనెరంగు చుక్క ఒకటి వేలాడుతోంది. వాళ్ళు చూస్తుండగానే ఊడిపడింది.

"అడుగు బోల్టు," అన్నాడు మెకానిక్. వెంటనే, "అడుగు బోల్టు కాదు, గాలి ఎక్కించినప్పుడు ఒక్క బుడగ..." అని ఆగిపోయాడు.

గాలి ఎక్కించింది ఆ కన్నంలోంచే. ఆ రోజంతా అక్కడ బోల్టు లేదు, గాలిగొట్టం మర ఉంది. కాలంతా నురగ పూసి, చుట్టూ పాకి, గోరంత అతుకు కూడా వదలకుండా చూశాడు. తను గొట్టం పెట్టి ఊదుతున్న చోటును మాత్రం చూడలేదు. ఆ చోట చూడాల్సింది అప్పుడు గిన్నెలో, కిరోసిన్‌లో పడి ఉంది.

సరంగు పళ్ళెం పట్టుకున్నాడు. మెకానిక్ బోల్టు విప్పి, నూనె కారుతుండగా గుమ్మం దగ్గరి వెలుతురులోకి పట్టుకెళ్ళాడు. నిన్న వేసిన కొత్త వాషరు తీశాడు. దాని కింద బోల్టు తల నల్లగా, నున్నగా ఉంది. మామూలుగా చూస్తే అది బోల్టే. బ్లేడు అంచు పెట్టి నొక్కాడు. నల్లటి తల పొరలా లేచింది. అది బోల్టు కాదు, ఇంకో వాషరు. ఎప్పటిదో, నలిగి పలచబడి, మాడినట్టు అతుక్కుపోయి, బోల్టులో కలిసిపోయింది. దాని మీద కొత్తది వేస్తే రెండూ ఒకదానిమీద ఒకటి జారతాయి. ఎంత బిగించినా బోల్టు కూర్చోదు, రోజుకి ఇన్ని చుక్కలు నీళ్ళలోకి పోతూనే ఉంటాయి.

మొదట ఆ వాషరు చేసిన కంపెనీ మీద కోపమొచ్చింది. తర్వాత షెడ్డులో చాలీచాలని బల్బు మీద వచ్చింది. తర్వాత సర్వీసుకి ఒక్కపూట కూడా టైమివ్వని మేనేజరు మీద వచ్చింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చూసింది కోపం, ఎక్కడా నిలబడటానికి చోటు దొరకలేదు. ఈ నాలుగు పడవల కాళ్ళ మీద అతను ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వడు. రెండు నెలల కిందట నూనె మార్చింది అతనే. నిన్న, బామ్మర్ది కళ్ళెదుటే, అదే తప్పు మళ్ళీ చేసిందీ అతనే.

పళ్ళెం పట్టుకుని సరంగు పక్కకి వచ్చి చూశాడు. బావ వేలిమీద ఒకటి, బ్లేడు మీద ఒకటి. రెండు వాషర్లు.

"ఇది పోయినసారి ఎవరు బిగించారు బావా?"

అడగక్కర్లేని ప్రశ్న అది. మెకానిక్ ఆ రెండు వాషర్లనే చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వేనా?"

"నేనే."

సరంగు పళ్ళెం కింద పెట్టలేదు, వదిలేశాడు. నూనె గచ్చు మీద పారి ఇద్దరి చెప్పుల కిందికీ వచ్చింది.

"మూడు రాత్రులు," అన్నాడు సరంగు. గొంతు లేచింది. "మూడు రాత్రులు ఆ బండ కోసం వెతికాను. కళ్ళు మూస్తే బండ. చివరికి దొరికింది కూడా! నల్లగా, పైన నాచుతో, కొలతలతో సహా చెప్పగలను! లేని బండ! పాతికమందిని ముంచబోయానని నన్ను నేను తిట్టుకున్నాను. టీచరమ్మకి అవునండీ అన్నాను. నువ్వు చెప్పావని! కాలు సంగతి నీకు తెలుసని!"

"ఒరేయ్..."

"ఒరేయ్ లేదు, గిరేయ్ లేదు! ముందు చూసి తర్వాత అరవొచ్చు కదా? అరవడం ఎక్కడికైనా పారిపోతుందా? ఒక్కసారి, ఒక్కసారి చూసి అరవొచ్చు కదా బావా!"

బయట ప్రయాణికులు ఆగి షెడ్డు వైపు చూస్తున్నారు. టికెట్ల గుమాస్తా కిటికీలోంచి మెడ సాచాడు. సరంగు గొంతు ఇంత పెద్దదని రేవులో ఎవరికీ తెలియదు. అక్కకి కూడా తెలిసి ఉండదు. మెకానిక్ తలదించుకుని, నూనెలో నిలబడి, అంతా విన్నాడు. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతోంది. ఇంతకాలం తన నోటికి అవతల నిలబడ్డవాళ్ళకి ఎలా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. అది తెలుసుకోవడానికి ఇంత వయసు రావాలా అనుకున్నాడు.

సరంగుకి ఆయాసం తగ్గేదాకా మెకానిక్ ఆగి, "పద," అన్నాడు మెల్లగా.

మెకానిక్ మేనేజరు బల్ల మీది అద్దం పైన రెండు వాషర్లూ పక్కపక్కన పెట్టాడు. అద్దానికి నూనె అంటింది. మేనేజరు ఫైళ్ళు జరుపుకుని, చెప్పిందంతా విన్నాడు.

"అంటే బిగించింది మీరే."

"నేనే. నా చేతి తప్పు. కారణం గడిలో అలాగే రాయండి."

"తనిఖీ వస్తుంది."

"రానివ్వండి. నాలుగు కాళ్ళూ నేనే విప్పి చూపిస్తాను."

మేనేజరు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "బాగానే ఉంది. కానీ ఇక్కడ ఇతని సంతకం ఉందే. కొట్టానని ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ రాతను ఊరికే కొట్టేస్తే నన్నడుగుతారు." తెల్లకాగితం ఒకటి తీసి సరంగు ముందు పెట్టాడు. "నువ్వు ఒక ముక్క రాసివ్వు. 'అప్పుడు నేను అబద్ధం చెప్పాను' అని. చిన్న మందలింపుతో పోతుంది, మళ్ళీ పడవ ఎక్కుదువుగాని. ఇద్దరికీ మంచిది."

మంగళవారంనాటి మెకానిక్ అయితే ఆ బల్ల తిరగేసేవాడు. ఇప్పుడు బామ్మర్ది వైపు చూశాడు. ఈ మాటకి జవాబు చెప్పాల్సింది తను కాదు.

సరంగు కూర్చోలేదు. వంగి కాగితం దగ్గరికి లాక్కున్నాడు. గొంతు మళ్ళీ మామూలుగా ఉంది, చెయ్యి మాత్రం గట్టిగా కదిలింది. రెండే రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, తిప్పి ఇచ్చాడు. మేనేజరు పైకి చదివాడు.

"'పడవ దేనికీ తగల్లేదు. తగిలిందని నాతో చెప్పించారు.'" తలెత్తాడు. "ఏమిటిది? అబద్ధం చెప్పానని రాయమంటే..."

"అబద్ధం నేను చెప్పలేదు సార్."

"చెప్పించారంటే ఎవరు చెప్పించారు? ఎవరని లేకుండా ఇలా గాల్లో రాస్తే పైన ఒప్పుకుంటారా?"

సరంగు తన బావ మొహం చూడలేదు, కిటికీ అవతల నీళ్ళు చూస్తున్నాడు. మెకానిక్ చెయ్యి చాచి పెన్ను తీసుకున్నాడు. వేళ్ళకి ఇంకా నూనె ఉంది, కాగితం మీద ముద్రలు పడ్డాయి. సరంగు సంతకం కింద, తడబడుతూ, పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు: 'మొదట చెప్పించింది నేను.' సంతకం పెట్టాడు.

కాగితం మేనేజరు ముందుకి జరిపి, దాని పక్కన పెన్ను పెట్టాడు.

"కింద ఇంకో సంతకానికి చోటుంది సార్," అన్నాడు. గొంతు ఏమాత్రం పెంచలేదు.